నీతి అనే మైమరువు దేన్ని కాపాడుతుంది?

ఇంటి ప్రార్థన కూటాలు ముగిశాక తరచూ వినిపించే ప్రశ్న ఒకటుంది. "నేను ఎవరికీ అన్యాయం చేయలేదు. ఆదివారం మానకుండా మందిరానికి వెళ్తాను. దశమభాగం ఇస్తాను. అయినా ఈ కష్టం మా ఇంటికే ఎందుకొచ్చింది?" ఇంకొక ప్రశ్న పైకి వినిపించదు, మనసులోనే తిరుగుతుంది. "నేను చేసిన పాపం నాకు తెలుసు. నాలాంటివాణ్ణి దేవుడు కాపాడతాడా?"

మొదటి ప్రశ్న అడిగేవారు తమ నీతి తమను కాపాడలేదని బాధపడుతున్నారు. రెండో ప్రశ్న మోసేవారు తమను కాపాడేంత నీతి తమ దగ్గర లేదని భయపడుతున్నారు. ఈ ఇద్దరికీ జవాబు ఎఫెసీయుల పత్రిక ఆరో అధ్యాయంలో దొరుకుతుంది. అక్కడ పౌలు దేవుడిచ్చే సర్వాంగ కవచాన్ని ఒక్కో భాగంగా చెబుతూ, నడుముకు సత్యమనే దట్టి, ఛాతీకి నీతి అనే మైమరువు అంటాడు. సండే స్కూలు పిల్లలు ఈ కవచాన్ని అట్టముక్కలతో చేసి తొడుక్కుంటారు. పెద్దలు ప్రార్థనలో దాన్ని అడుగుతారు. కానీ ఆ మైమరువు దేని నుంచి కాపాడుతుంది, దేని నుంచి కాపాడదు, అసలు అది ఎవరిది, ఎలా తొడుక్కోవాలి? ఈ నాలుగు విషయాలూ నిదానంగా చూద్దాం.

సంకెళ్లలో ఉన్నవాడు రాసిన మాట

ఈ మాటలు రాసేనాటికి పౌలు బందీ. తాను సంకెళ్లలో ఉన్న రాయబారినని అదే అధ్యాయంలో చెప్పుకున్నాడు. సంఘ సంప్రదాయం ప్రకారం అది రోమా నగరం, క్రీ.శ. 60-62 ప్రాంతం. అపొస్తలుల కార్యాలు 28వ అధ్యాయం ప్రకారం, రోమాలో ఆయన రెండేళ్లు అద్దె ఇంట్లో ఉన్నాడు. కాపలాకు ఒక సైనికుణ్ణి పెట్టారు. రోమా సైనికుణ్ణి ఆయన అంత దగ్గరగా చూశాడు.

ఉత్తరం చేరిన ఎఫెసు సంగతి కూడా తెలిస్తేనే ఈ బోధ బరువు అర్థమవుతుంది. నేటి టర్కీలో సెల్చుక్ పట్టణం పక్కన ఆ నగర శిథిలాలున్నాయి. అక్కడి అర్తెమిదేవి ఆలయం ప్రాచీన ప్రపంచపు ఏడు వింతల్లో ఒకటి. మంత్రతంత్రాలకు ఆ ఊరు పెట్టింది పేరు. 'ఎఫెసు అక్షరాలు' అని పిలిచే అర్థంకాని శబ్దాలను ఉచ్చరిస్తే, రాసి దగ్గర పెట్టుకుంటే కీడు దరిచేరదని ఆనాటి జనం నమ్మేవారు. కనిపించని శక్తులంటే వారికి భయం. ఆ భయానికి విరుగుడు డబ్బిచ్చి కొనుక్కునేవారు.

సువార్త అక్కడికి వచ్చాక ఏం జరిగిందో కార్యాలు 19వ అధ్యాయం చెబుతుంది. మంత్రవిద్య అభ్యసించిన చాలామంది తమ పుస్తకాలు తెచ్చి అందరి ముందూ కాల్చేశారు. లెక్క చూస్తే వాటి వెల 50,000 వెండి నాణేలు. అప్పట్లో ఒక కూలి దినమంతా పనిచేస్తే వచ్చేది దాదాపు ఒక వెండి నాణెం. అంటే 50,000 దినాల కూలి డబ్బు మంటలో పోయిందన్నమాట.

పుస్తకాలు కాలిపోయినా భయం అంత సులువుగా పోదు. రేపు బిడ్డకు జ్వరం వస్తే, వ్యాపారం దెబ్బతింటే, పాత అలవాటు మళ్లీ పిలుస్తుంది. అలాంటి మనుషులకు పౌలు ఇంకొక తాయెత్తు ఇవ్వలేదు. చీకటి శక్తులు లేవని కూడా అనలేదు. మన పోరాటం రక్తమాంసాలతో కాదని ఒప్పుకుంటూనే, ఆ శక్తుల ముందు నిలబడాలంటే సత్యం, నీతి, సమాధానం, విశ్వాసం కావాలన్నాడు. కాపుదలను మంత్రం చేతిలో నుంచి తీసి, దేవునితో సరైన సంబంధంలోనూ సరైన నడతలోనూ పెట్టాడు. ఇది ఆ ఊరి నమ్మకాలన్నిటినీ తలకిందులు చేసిన బోధ.

ఛాతీ మీద ఏముండేది?

రోమా సైనికుడి కవచం కాలాన్నిబట్టి, హోదానుబట్టి మారుతూ వచ్చింది. క్రీ.పూ. 2వ శతాబ్దానికి చెందిన గ్రీకు చరిత్రకారుడు పొలిబియస్ ఆ వివరాలు రాసిపెట్టాడు. సాధారణ సైనికుడు జానెడు వెడల్పు, జానెడు పొడవున్న కంచు పలకను గుండె మీద కట్టుకునేవాడు. దానికి గుండెను కాచేది అనే పేరే ఉండేది. ఆస్తిపరులు మాత్రం ఇనుప కడియాలతో అల్లిన చొక్కా తొడుక్కునేవారు. పౌలు కాలానికి ఆ ఇనుప చొక్కా, ఇనుప పట్టీలను వరుసగా కూర్చిన కవచం వాడుకలో ఉండేవి. ఇనుప చొక్కా బరువు సుమారు 10 కిలోలు. నడుముకు దట్టి బిగిస్తే ఆ బరువులో కొంత నడుము మీదికి దిగి భుజాలు తేలికపడేవి. పౌలు దట్టి గురించి ముందు చెప్పి తర్వాత మైమరువు గురించి చెప్పడంలో ఒక క్రమం కనిపిస్తుంది. సత్యం లేని చోట నీతి నిలవదు. లోపల ఒకటి, బయట ఒకటిగా బతికేవాడికి నీతి మోయలేని బరువవుతుంది.

చేతికి, కాలికి గాయమైన సైనికుడు బతికి బట్టకట్టవచ్చు. గుండెలో దిగిన కత్తి మాత్రం ప్రాణం తీస్తుంది. అందుకే ఛాతీకి అంత కాపలా. బైబిల్లో హృదయం అంటే ఏడ్చి నవ్వే చోటు మాత్రమే కాదు. మనిషి ఆలోచించేది, నిర్ణయించుకునేది, దేవుణ్ణి ప్రేమించేది అక్కడే. అన్నిటికంటే ముందు హృదయాన్ని కాపాడుకోమని, జీవితమంతా అక్కడినుంచే పుడుతుందని సామెతలు నాలుగో అధ్యాయం హెచ్చరిస్తుంది. నీతి కాపాడేది ఆ హృదయాన్నే. విశ్వాసి చుట్టూ ఉన్న పరిస్థితులు చెడవచ్చు, ఆరోగ్యం దెబ్బతినవచ్చు, పేరు పోవచ్చు. వాటన్నిటి మధ్యా దేవుని మీది నమ్మకం, మేలు చేయాలన్న కోరిక చావకుండా చూడడం ఈ మైమరువు పని.

కవచం ఎవరిది?

నీతిని కవచంగా చెప్పడం పౌలుతో మొదలు కాలేదు. యెషయా 59వ అధ్యాయం తెరిచి చూడండి. అక్కడ సమాజం కుళ్లిపోయి ఉంది. న్యాయం దూరంగా నిలబడింది. సత్యం సంతవీధిలో కూలిపోయింది. చెడుతనం మానుకున్నవాడే దోపిడీకి గురవుతున్నాడు. అడ్డుపడేవాడు ఒక్కడూ లేడని చూసి, దేవుడే నీతిని కవచంగా, రక్షణను శిరస్త్రాణంగా ధరించి బయలుదేరాడు. అదే గ్రంథం 11వ అధ్యాయంలో, రాబోయే రాజు నడుముకు నీతి నడికట్టుగా ఉంటుందని, ఆయన బీదలకు న్యాయంగా తీర్పు తీరుస్తాడని ఉంది.

దీనినుంచి రెండు విషయాలు నేర్చుకోవాలి. మొదటిది, ఈ కవచం దేవుడిది. మనం కష్టపడి తయారుచేసి, బాగుందా అని ఆయనకు చూపించేది కాదు. ఆయన తాను ధరించినదాన్నే తన పిల్లలకు తొడుగుతున్నాడు. రెండోది, ఈ నీతి ఒక మనిషి తన గదిలో కాపాడుకునే పవిత్రతతో ఆగిపోదు. బలహీనుడి పక్కన నిలబడే న్యాయం అందులో ఉంది. పొద్దున గంటసేపు ప్రార్థించి, సాయంత్రం పనిమనిషి జీతం కోసేవాడు యెషయా చెప్పిన మైమరువు తొడుక్కోలేదు.

ఎఫెసు పత్రికకంటే ముందు రాసిన మొదటి థెస్సలొనీకయుల పత్రిక ఐదో అధ్యాయంలో పౌలు ఇదే మైమరువుకు విశ్వాసం, ప్రేమ అని పేరు పెట్టాడు. అక్కడ విశ్వాసం, ప్రేమ, ఇక్కడ నీతి. రెండింటికీ వైరం లేదు. దేవుణ్ణి నమ్మడం, పొరుగువాణ్ణి ప్రేమించడం అనే రెండూ కలిసిన బతుకే ఆయన దృష్టిలో నీతి గల బతుకు.

ఉచితంగా దొరికే నీతి, బతికి చూపే నీతి

ఇక్కడ క్రైస్తవ బోధకుల మధ్య పాత చర్చ ఒకటుంది. ఈ మైమరువు క్రీస్తు మనకు ఉచితంగా ఇచ్చే నీతా, లేక మనం రోజూ బతికే నీతిమంతమైన నడతా?

4వ శతాబ్దం చివర ఎఫెసు పత్రిక మీద వరసగా ప్రసంగాలు చేసిన జాన్ క్రిసోస్టమ్, ఇక్కడ నీతి అంటే అన్ని విషయాల్లోనూ మంచి నడత అని వివరించాడు. 17వ శతాబ్దపు ఇంగ్లాండులో లావెన్‌హమ్ అనే ఊరి పాదిరి విలియం గర్నాల్ ఈ కవచం గురించే మూడు సంపుటాల పుస్తకం రాశాడు. మొదటిది 1655లో, చివరిది 1662లో వచ్చాయి. ఆయనా ఇది పరిశుద్ధ జీవితమేనని చెప్పాడు. మరోవైపు, మనిషి తన క్రియలవల్ల కాక విశ్వాసంవల్ల నీతిమంతుడిగా ఎంచబడతాడని రోమా పత్రికలో చదివి, మార్టిన్ లూథర్ 16వ శతాబ్దంలో సంఘ చరిత్రనే మలుపు తిప్పాడు. ఆ దారిలో నడిచిన బోధకుల్లో చాలామంది, శత్రువు ముందు నిలబెట్టేది క్రీస్తు నీతి ఒక్కటేనని, మన నడతను నమ్ముకుంటే కూలిపోతామని నొక్కి చెప్పారు.

ఈ నీతి విషయంలోనే 1547లో ట్రెంట్ మహాసభలో కతోలిక సంఘం తన బోధను వేరుగా ప్రకటించింది. 452 ఏళ్ల తర్వాత, 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో కతోలిక సంఘం, ప్రపంచ లూథరన్ సమాఖ్య కలిసి ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. దేవుడు మనల్ని అంగీకరించేది మన అర్హతను చూసి కాదు, కృపవల్లనే అనీ, అదే కృప మనల్ని సత్క్రియలకు సిద్ధం చేస్తుందనీ ఆ ప్రకటన సారాంశం. తర్వాత 2006లో మెథడిస్టుల ప్రపంచ మండలి కూడా దానితో ఏకీభవించింది. తేడాలన్నీ తీరిపోలేదు. అయినా మూల విషయంలో చేతులు కలిశాయి.

ఎఫెసు పత్రిక కూడా ఈ రెండింటినీ విడదీయదు. రెండో అధ్యాయంలో, మనం కృపచేతనే రక్షణ పొందామని, అది మన క్రియల ఫలం కాదని చెప్పి, వెంటనే సత్క్రియలు చేయడానికే దేవుడు మనల్ని సృష్టించాడంటుంది. నాలుగో అధ్యాయంలో, నీతిలో సృష్టించబడిన కొత్త స్వభావాన్ని తొడుక్కోమంటుంది. అందుకే నా మటుకు, ఈ మైమరువులో రెండు నీతులూ ఉన్నాయనే చెబుతాను. శత్రువు రెండు రకాలుగా దాడి చేస్తాడు. ఒక దాడికి ఇచ్చిన నీతి జవాబు, రెండో దాడికి బతికే నీతి జవాబు.

మొదటి దాడి: నేరారోపణ

జెకర్యా గ్రంథం మూడో అధ్యాయంలో ఒక దర్శనం ఉంది. ప్రధాన యాజకుడైన యెహోషువ దేవుని దూత ముందు నిలబడ్డాడు. అతని కుడి పక్కన నేరం మోపడానికి సాతాను ఉన్నాడు. యాజకుడి బట్టలు మురికిగా ఉన్నాయి. అంటే సాతాను వేలెత్తి చూపేది ఉత్త అబద్ధం కాదు, మురికి నిజంగానే ఉంది. అయినా దేవుడు గద్దించింది సాతానును. మురికి బట్టలు తీయించి, యాజకుడికి ప్రశస్తమైన వస్త్రాలు తొడిగించాడు. ఈ మొత్తం సన్నివేశంలో యెహోషువ తన తరఫున ఒక్క మాట కూడా మాట్లాడడు.

అపవాది పని రాత్రింబగళ్లు నేరం మోపడమేనని ప్రకటన గ్రంథం 12వ అధ్యాయం చెబుతుంది. ఆ స్వరం ఎలా ఉంటుందో విశ్వాసులందరికీ తెలుసు. "అంత పని చేసినవాడివి, బల్ల దగ్గరికి ఎలా వెళ్తావు? నీ ప్రార్థన దేవుడు వింటాడా?" ఈ మాటకు జవాబుగా మన మంచితనాల జాబితా తీస్తే ఓడిపోతాం. ఎందుకంటే మన తప్పుల జాబితా అతని దగ్గర ఇంకా పొడవుగా ఉంటుంది. అప్పుడు కాపాడేది ఇచ్చిన నీతి. నీతిమంతుడని తీర్చేవాడు దేవుడే అయితే నేరం మోపేదెవరు, శిక్ష విధించేదెవరు అని పౌలు రోమా 8వ అధ్యాయంలో అడుగుతాడు. క్రీస్తు చనిపోయి, లేచి, మన కోసం విజ్ఞాపన చేస్తున్నాడన్నదే ఆ ధైర్యానికి ఆధారం.

ఒక జాగ్రత్త అవసరం. మనసును గుచ్చే ప్రతి మాటా సాతానుది కాదు. తప్పు చేసినప్పుడు పరిశుద్ధాత్మ కూడా ఒప్పిస్తాడు. ఈ రెండింటినీ గుర్తుపట్టడానికి రెండో కొరింథీయుల పత్రిక ఏడో అధ్యాయం సహాయపడుతుంది. దేవుని చిత్తానుసారమైన దుఃఖం మారుమనస్సుకు దారితీస్తుంది, లోకపు దుఃఖం మరణానికి. ఆత్మ మాట్లాడితే ఫలానా తప్పు అని స్పష్టంగా చూపించి, దేవుని దగ్గరికి రమ్మంటాడు. అపవాది మాట్లాడితే నువ్వే పనికిరావు అని మొత్తంగా తీసేసి, దేవుని దగ్గరనుంచి పారిపొమ్మంటాడు. పేతురు ముమ్మారు బొంకి వెక్కి వెక్కి ఏడ్చాడు, తర్వాత ప్రభువు దగ్గరికే తిరిగొచ్చాడు. యూదా కూడా పశ్చాత్తాపపడి, వెండి నాణేలు విసిరేశాడు. కానీ క్షమించగలవాడి దగ్గరికి వెళ్లకుండా చావు దగ్గరికి వెళ్లాడు. తప్పు తెలిసిరావడం ఇద్దరికీ జరిగింది. ఆ తర్వాత ఎటు వెళ్లారన్నదే తేడా.

రెండో దాడి: చిన్న చిన్న రాజీలు

నేరారోపణతో పడనివాణ్ణి శత్రువు ఇంకొక విధంగా పడగొడతాడు. ఈసారి గొంతు మెత్తగా ఉంటుంది. "ఇంత చిన్నదానికి ఏమవుతుంది? అందరూ చేస్తున్నదే కదా." రిజిస్ట్రేషన్‌లో స్థలం విలువ తగ్గించి చూపడం, పిల్లవాడి వయసు మార్చి రాయించడం, కట్నం అనకుండా కానుక పేరుతో అదే తీసుకోవడం, సంఘం డబ్బును రెండు రోజులు సొంతానికి వాడుకోవడం, బాప్తిస్మం పొందాక కూడా కులం చూసి సంబంధం కలుపుకోవడం. ఒక్కొక్కటీ చిన్నగానే కనిపిస్తుంది. ఎండ్రకాయ తొలిచిన బొక్కను ఎవరూ పట్టించుకోకపోతే, వాన రాత్రి అక్కడే చెరువు కట్ట తెగుతుంది.

అహాబు రాజు చావు ఈ విషయాన్ని భయంకరంగా చూపిస్తుంది. మొదటి రాజుల గ్రంథం 22వ అధ్యాయం ప్రకారం, అతను వేషం మార్చుకుని రామోత్గిలాదు యుద్ధానికి వెళ్లాడు. ఒంటి మీద కవచం ఉంది. శత్రు సైన్యంలో ఎవడో గురి చూడకుండా విడిచిన బాణం, సరిగ్గా కవచపు అతుకుల మధ్య దిగింది. సాయంత్రానికి రాజు చనిపోయాడు. కవచం మిగతా చోట్ల ఎంత గట్టిగా ఉన్నా, సందు ఒక్కటి చాలింది.

ఎఫెసు పత్రిక నాలుగో అధ్యాయం ఆ సందులు ఎక్కడుంటాయో పేరుపేరునా చెబుతుంది. అబద్ధమాడడం, కోపాన్ని పొద్దుగుంకినా చల్లార్చుకోకపోవడం, దొంగతనం, చెడ్డ మాట, మనసులో పెంచుకున్న ద్వేషం. కోపం గురించి చెప్పినచోటే, అపవాదికి చోటివ్వొద్దని హెచ్చరిస్తుంది. దుష్టశక్తుల గురించి భయపడే విశ్వాసి ముందు చూసుకోవలసింది గుమ్మం ముందు పడిన నిమ్మకాయను కాదు. అన్నదమ్ముడితో మూడేళ్లుగా మాటలు లేకపోవడాన్ని చూసుకోవాలి.

పౌలు ఈ మైమరువును తాను తొడుక్కునే ఇతరులకు చెప్పాడు. రోమాకు రాకముందు ఆయన కైసరయలో ఖైదీ. అధిపతి ఫేలిక్సు ఆయన్ను పిలిపించి బోధ విన్నాడు. పౌలు అతని ముందు నీతి గురించి, ఆశానిగ్రహం గురించి, రాబోయే తీర్పు గురించి మాట్లాడితే ఫేలిక్సు భయపడ్డాడు. అయినా డబ్బు దొరుకుతుందేమోనన్న ఆశతో మాటిమాటికీ పిలిపించాడు. పౌలు చేతి నుంచి ఆ డబ్బు రాలేదు. రెండేళ్లు గడిచాక అధికారి మారాడు, పౌలు మాత్రం బంధకాల్లోనే మిగిలాడు. కార్యాలు 24వ అధ్యాయంలో ఉన్న ఈ సంగతి మన సంఘాల్లో ఇంకా ఎక్కువగా చెప్పుకోవలసినది. లంచం ఇస్తే విడుదల దొరికే చోట రెండేళ్లు ఖైదులో ఉన్నవాడు నీతి అనే మైమరువు గురించి రాస్తే, ఆ మాటకు సాక్ష్యం అతని బతుకే. దేవుని యెదుట, మనుషుల యెదుట నిందలేని మనస్సాక్షి కోసం ప్రయాసపడుతున్నానని ఆయన అదే విచారణలో చెప్పాడు. ఆ మనస్సాక్షిని ఏ సంకెళ్లూ గాయపరచలేదు.

దానియేలు విషయంలోనూ అదే జరిగింది. అతనిలో తప్పు పట్టాలని చూసిన అధికారులకు రాజ్యపు పనిలో ఒక్క లోపమూ దొరకలేదు. చివరికి అతని ప్రార్థననే నేరంగా మార్చే చట్టం తేవలసి వచ్చింది. బతికే నీతి శత్రువు చేతికి ఆయుధం దొరకకుండా చేస్తుంది.

తెలుగు నేల మీద ఒక సాక్ష్యం

1876-78 మహా కరువులో ఒంగోలు ప్రాంతం అల్లాడిపోయింది. అక్కడ పనిచేస్తున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి దొరికేలా చేశాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని అడిగేవారు చాలామంది వచ్చారు. కరువు సాయం అందుతున్నంత కాలం బాప్తిస్మాలు ఇవ్వకూడదని ఆయన నిర్ణయించుకున్నాడు. తిండి కోసం మతం మారారన్న నింద ఆ పేదల మీద పడకూడదు, అన్నం ఆశ చూపి ఆత్మల్ని కొన్నారన్న మచ్చ సువార్త మీద పడకూడదు. అంకెలు చూపించుకోవాలన్న ఆశ ఉంటే అది మంచి అదను. ఆయన ఆగాడు. సాయం ముగిశాక కూడా జనం వస్తూనే ఉన్నారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను చాలామంది చెప్పుకుంటారు. దాని వెనక ఉన్న ఆ నిజాయితీని కూడా చెప్పుకోవాలి. ఆ సంఘం సాక్ష్యానికి అదే మైమరువు అయింది.

నీతి దేని నుంచి కాపాడదు?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి వద్దాం. నీతిగా బతికితే కష్టాలు రావని బైబిలు ఎక్కడా మాట ఇవ్వలేదు. యోసేపు పోతీఫరు ఇంట్లో తన పవిత్రతను కాపాడుకున్నందుకే జైలుకు వెళ్లాడు. యోబు నీతిని వస్త్రంగా ధరించుకున్నానని చెప్పుకోగలిగినవాడు. పిల్లల్నీ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్నాడు. యేసు సిలువ మీద చనిపోయాడు. ఆయన కంటే నీతిమంతుడు లేడు. కాబట్టి జబ్బుతో, అప్పుతో, బిడ్డను పోగొట్టుకుని ఏడుస్తున్నవాళ్లను చూసి "మీ నీతిలో ఏదో లోపం ఉంది" అనే హక్కు ఎవరికీ లేదు. యోబు స్నేహితులు సరిగ్గా ఆ మాటే అన్నారు, దేవుడు వాళ్ల మీద కోపగించాడు.

నీతి తాయెత్తు కూడా కాదు. ప్రార్థించిన నూనె సీసా, గుమ్మానికి అంటించిన వాక్యం స్టిక్కరు, జేబులో పెట్టుకున్న చేతిరుమాలు మన విశ్వాసాన్ని గుర్తుచేస్తే మంచిదే. వాటిలోనే శక్తి ఉందనుకుంటే మళ్లీ ఎఫెసు అక్షరాల దగ్గరికే వెళ్లినట్టు. అదే ఎఫెసులో స్కెవ కొడుకులు ఏడుగురు యేసు పేరును మంత్రంలా వాడబోయి, దెబ్బలు తిని బట్టలు లేకుండా పారిపోయారు. అలాగే మనసు కుంగిపోయినా, ఒంటికి జబ్బు చేసినా డాక్టరు దగ్గరికి వెళ్లడం విశ్వాసానికి విరుద్ధం కాదు. సువార్త రాసిన లూకాను పౌలు ప్రియమైన వైద్యుడని పిలిచాడు.

స్వనీతి అంతకంటే ప్రమాదం. లూకా 18లో పరిసయ్యుడు తన ఉపవాసాల్ని, దశమభాగాల్ని లెక్కపెట్టి, పక్కవాడిలా తాను లేనందుకు దేవునికి కృతజ్ఞత చెప్పాడు. సుంకరి తల ఎత్తకుండా కనికరం అడిగాడు. నీతిమంతుడిగా ఇంటికి వెళ్లింది సుంకరే. ఇతరుల్ని చిన్నచూపు చూసే నీతి ఎంత మెరిసినా కవచం కాదు.

రోజూ ఎలా తొడుక్కోవాలి?

మొదటిది, పొద్దున లేవగానే మీ అర్హతను కాక క్రీస్తును ఆధారంగా చేసుకోండి. నిన్న పడిపోయినా సరే, దేవుని ముందు నిలబడే చోటు ఆయన ఇచ్చిందే.

రెండోది, తప్పు చేస్తే దాచొద్దు. ఒప్పుకుంటే దేవుడు క్షమించి పవిత్రపరుస్తాడని మొదటి యోహాను పత్రిక మొదటి అధ్యాయం చెబుతుంది. దాచిన పాపం దగ్గరే నేరారోపణకు పట్టు దొరుకుతుంది.

మూడోది, సరిదిద్దగలిగినదాన్ని సరిదిద్దండి. జక్కయ్య క్షమాపణతో ఆగలేదు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు, ఆస్తిలో సగం బీదలకిస్తానన్నాడు. బాకీ తీర్చడం, పరువు తీసిన మాటను నలుగురి ముందు వెనక్కి తీసుకోవడం కూడా మైమరువు తొడుక్కోవడమే.

నాలుగోది, ఒంటరిగా పోరాడొద్దు. పౌలు ఈ మాటలు సంఘమంతటికీ రాశాడు, కవచం గురించి చెప్పి వెంటనే పరిశుద్ధులందరి కోసం ప్రార్థించమన్నాడు. మీ తప్పును ప్రేమతో చెప్పగలిగిన ఒక మనిషిని మీ పక్కన ఉంచుకోండి. సంఘ పెద్దలైతే లెక్కల పుస్తకం అందరూ చూసేలా తెరిచి ఉంచండి.

కష్టంలో ఉండి మొదటి ప్రశ్న అడుగుతున్న సోదరీ సోదరులారా, మీ నీతి వృథా కాలేదు. ఇంత జరిగినా మీరు దేవుణ్ణి వదలకుండా ప్రశ్న ఆయన్నే అడుగుతున్నారంటే, అది మీ హృదయాన్ని కాపాడుతూనే ఉంది. తమకు నీతి లేదని భయపడుతున్నవారితో చెప్పేది ఇదే: మీ దగ్గర లేనిదాన్నే దేవుడు మీకు తొడుగుతానంటున్నాడు. మురికి బట్టలతోనే ఆయన ముందుకు రండి. ఆయన తొడిగాక, ఈ వారంలో మీరు వాయిదా వేస్తున్న ఒక్క నీతిపనిని చేయండి. ఒక బాకీ తీర్చండి, ఒక అబద్ధాన్ని సరిదిద్దండి, మాటలు లేని ఒక మనిషిని పలకరించండి.